టైళ్ల సందుల్లో నలుపు: నంద్యాల ఆర్డీఓ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన నంద్యాల రెవెన్యూ డివిజనల్ అధికారి గారికి,

మీ బల్ల మీదికి భూముల తగాదాలు, కాలువ నీళ్ల పంచాయితీలు, శివరాత్రి బందోబస్తు కాగితాలు వస్తుంటాయి. వాటి మధ్యలో ఇంటి టైళ్ల సందుల్లో పేరుకున్న నలుపు గురించి ఒక ఉత్తరం వస్తే నవ్వొస్తుందని తెలుసు. నవ్వి, ఆ తర్వాత చదవండి. ఆ నలుపు పోగొట్టుకోవడానికి మహానందిలోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ జనం కొంటున్న సరుకు మీద అదుపు మీ కుర్చీ చేతిలో ఉంది. ఆ సరుకు యాసిడ్.

పండగ దగ్గర పడితే చాలు, మోపెడ్‌కు రెండు పక్కలా నీలం క్యాన్లు కట్టుకుని "యాసిడ్, ఫినాయిల్" అని అరుచుకుంటూ మనిషి వస్తాడు. ఎవరో తాగి పారేసిన కూల్‌డ్రింకు సీసాలో పోసిస్తాడు. దాని మీద పేరుండదు, ఎంత ఘాటైనదో రాసి ఉండదు. కంపెనీ పేరుతో వచ్చే మరుగుదొడ్డి క్లీనర్లలో హైడ్రోక్లోరిక్ యాసిడ్ సుమారు 10 శాతం ఉంటుంది. ఈ విడి సీసాలో ఎంత ఉందో అమ్మినవాడికీ తెలియదు. కొన్ని కొట్లలో అదే సీసా బట్టల సబ్బుల పక్కన కూర్చుని ఉంటుంది. ఎనిమిదో తరగతి పిల్లాడిని పంపినా ఇచ్చేస్తారు.

ఇలా అమ్మకూడదని సుప్రీంకోర్టు 2013 జులై 18న చెప్పింది. ఢిల్లీలో యాసిడ్ దాడికి గురైన లక్ష్మి వేసిన కేసులో వచ్చిన ఉత్తర్వు అది. కొన్నవారి పేరు, చిరునామా, ఎంత కొన్నదీ రిజిస్టరులో రాయాలి. చిరునామా ఉన్న ప్రభుత్వ ఫోటో కార్డు చూడాలి. ఎందుకు కొంటున్నారో అడగాలి. 18 ఏళ్లు నిండనివారికి ఇవ్వకూడదు. దుకాణదారు తన దగ్గరున్న నిల్వను 15 రోజుల్లో సబ్ డివిజనల్ మెజిస్ట్రేట్‌కు తెలియజేయాలి. తెలియజేయకపోతే సరుకు స్వాధీనం, 50,000 రూపాయల వరకు జరిమానా. ఆ సబ్ డివిజనల్ మెజిస్ట్రేట్ అంటే మీరే కదా! ఈ ఉత్తరం కలెక్టరు గారికో మంత్రి గారికో రాయకుండా మీకు రాయడానికి కారణం అదొక్కటే. ఆ ఉత్తర్వు ఆడపిల్లల ముఖాల కోసం వచ్చింది. నేల తుడుచుకునే మాలాంటి వాళ్లను దృష్టిలో పెట్టుకుని రాసింది కాదు. అయినా మన సీమలో అది నేలకూ పనికొస్తుంది. ఎలాగో చెబుతాను.

మనం కాపురాలు చేస్తున్నది సున్నపురాయి మీద. బేతంచెర్ల, కొలిమిగుండ్ల, అవుకు గనుల నాపరాళ్లు లేని పాత ఇల్లు ఈ చుట్టుపక్కల దొరకదు. వసారాలో అవే, వంటింటి గట్టు మీద అవే, బావి చుట్టూ అవే. ముంబైలో కూడా వంటగట్టు బండను కడప పేరుతోనే పిలుస్తారు. ఇప్పుడు హాల్లో గుజరాత్ మోర్బీ టైళ్లు వచ్చాయి, వసారా మాత్రం ఇంకా బండలదే. టైలుకూ టైలుకూ మధ్య, బండకూ బండకూ మధ్య నింపే సిమెంటు ఎక్కడిది? అదీ సున్నపురాయే. సున్నపురాయిని బంకమట్టితో కలిపి 1,450 డిగ్రీల దాకా కాలిస్తే సిమెంటు క్లింకర్. నాపరాయి, సిమెంటు ఒకే తల్లి పిల్లలు. యాసిడ్ ఇద్దరినీ తింటుంది.

కొలిమిగుండ్ల మండలంలో బెలుం గుహలు మీరు చూసే ఉంటారు. 3,229 మీటర్ల పొడవున నేల కింద అంత దారి తొలిచింది నీళ్లే. గాలిలోనూ మట్టిలోనూ ఉన్న బొగ్గుపులుసు వాయువు కలిసి కాస్త పులుపెక్కిన నీళ్లు, లక్షల ఏళ్ల ఓపికతో. ఆ పులుపుకు ఎన్నో వేల రెట్లు ఘాటైనదాన్ని మనం శివరాత్రి ముందు రోజు హాల్లో పోస్తున్నాం. బుసబుసమని నురగ వస్తుంది. నురగను చూసి మురికి కదులుతోందని సంబరపడతారు. కదులుతున్నది సిమెంటు. అందులోని సున్నపు పదార్థం కరిగి, నీళ్లలో కలిసే కాల్షియం క్లోరైడుగా మారిపోతూ, బొగ్గుపులుసు వాయువు బుడగలై లేస్తోంది.

సందు తెల్లబడిన మాట నిజమే. పైపొర పోయింది కాబట్టి ఆ పొరకు అంటిన మురికీ పోయింది. ఇక అడుగున మిగిలింది గరుకు ఇసుక, దాని మధ్య ఖాళీలు. ముందు కన్నా ఎక్కువ నీళ్లు తాగుతుంది, ముందు కన్నా త్వరగా నల్లబడుతుంది. మళ్లీ యాసిడ్. ఇలా కొన్ని పండగలు గడిచాక సందు గుంటపడుతుంది, పొరకతో ఊడిస్తే ఇసుక రాలుతుంది, తుడిచిన నీళ్లు టైలు కిందికి దిగుతాయి, నడిస్తే టైలు డొల్లగా మోగుతుంది. అప్పుడు బేల్దారి మేస్త్రి వచ్చి "మాలు సరిగ్గా వేయలేదమ్మా" అని ముందు పని చేసిన మేస్త్రిని తిట్టి పోతాడు. "టైలుకు ఏమీ కాలేదు కదా" అనేవాళ్లున్నారు. నిజమే, గట్టిగా కాల్చిన విట్రిఫైడ్ టైలుకు ఏమీ కాదు. అందుకే జనానికి ఈ మందు మీద అంత నమ్మకం. వసారా బండ మీద చిమ్మితే మాత్రం మెరుగు పోయి, బూడిద పూసినట్టు మచ్చ నిలిచిపోతుంది. ఇందుకు యాసిడ్ దాకా ఎందుకు, ఇత్తడి కుందులు చింతపండుతో తోమే చోట బండ ఎలా పాలిపోయి ఉంటుందో ఏ ఇంట్లోనైనా చూడొచ్చు. నిమ్మకాయ, వెనిగర్ కూడా నాపరాయికి ఇదే జాతి శత్రువులు.

ఇంతకన్నా భయపడాల్సింది ఇంకొకటి ఉంది. యాసిడ్ పోసినా నలుపు మిగిలితే, పంచాయతీ వాళ్లు కాలువల్లో చల్లే బ్లీచింగ్ పౌడర్ తెచ్చి దాని మీదే చల్లేవాళ్లున్నారు. రెండూ ఘాటే కదా, కలిస్తే ఇంకా బాగా పని చేస్తాయని లెక్క. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. 1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర దగ్గర జర్మన్ సైన్యం శత్రువు కందకాల మీదికి వదిలింది ఈ వాయువునే. గాలి కన్నా బరువు కాబట్టి కిందనే మెదులుతుంది. కిటికీ లేని స్నానాల గదిలో చతికిలబడి సందులు రుద్దుతున్న మనిషి ముక్కు సరిగ్గా ఆ ఎత్తులోనే ఉంటుంది.

ఆ చతికిలబడిన మనిషి ఎవరన్నది కూడా మీరు పట్టించుకోవాలి. మా మహానందికి యాత్రికులు ఏడాది పొడుగునా వస్తారు, కార్తీకంలోనూ శివరాత్రికీ మరీ ఎక్కువ. కోనేట్లో మునిగి తడి బట్టలతో గదులకు తిరిగొస్తారు. కాళ్లకంటిన మట్టి, విభూతి, కుంకుమ, దీపాల నూనె అన్నీ సత్రాల నేల సందుల్లోకి చేరతాయి. ఒక జట్టు ఖాళీ చేసి ఇంకో జట్టు దిగేలోపు గది మెరవాలి. ఊడ్చి తుడిచే ఆడవాళ్లకు ఉన్న వ్యవధి అదే, చేతికిచ్చే మందు ఈ సీసానే. చేతులకు తొడుగులుండవు, కాళ్లకు చెప్పులుండవు. మడమలు పగిలి మండుతుంటే కొబ్బరినూనె రాసుకుంటారు. యజమానులంతా చెడ్డవాళ్లని నేననను. చౌకగా దొరికేది, త్వరగా తెల్లబరిచేది ఎదురుగా ఉంటే ఎవరైనా అదే కొంటారు. ఎదురుగా లేకుండా చేయడమే మేలు.

"యాసిడ్ వద్దంటే మరి దేంతో కడగాలి?" అని కొట్టువాడు మిమ్మల్నే ఎదురు ప్రశ్న వేస్తాడు. మీ దగ్గర జవాబుండాలి. అందుకే ఈ ఉత్తరం పొడుగైంది, విసుక్కోకండి.

ముందు, సందు ఎందుకు నల్లబడుతుందో చూద్దాం. సందు టైలు కన్నా వెంట్రుకవాసి పల్లం. తడిగుడ్డ పెట్టినప్పుడు మురికి నీళ్లన్నీ ఆ పల్లంలోకి జారి అక్కడే ఆరిపోతాయి. సిమెంటులో కంటికి కనపడని రంధ్రాలుంటాయి కాబట్టి మురికి లోపలికి దిగుతుంది. అంటే సగం నలుపు మనం తుడిచి తెచ్చుకున్నదే. ఒకే బకెట్ నీళ్లతో మూడు గదులు తుడిస్తే మూడో గదికి మొదటి గది మురికిని పంచుతున్నట్టు. కడగడానికి ఒక బకెట్, గుడ్డ పిండడానికి ఇంకొకటి పెట్టుకుని, గదికోసారి నీళ్లు మారిస్తే కొత్త ఇంటి సందులు ఏళ్ల తరబడి రంగు మారవు.

ఇప్పటికే నల్లబడి ఉంటే చాకలి సోడా చాలు. ముందు కసువు, దుమ్ము పొడిగా ఊడ్చేయాలి. అర బకెట్ ఉడుకునీళ్లలో నాలుగు చెంచాల చాకలి సోడా, కాస్త బట్టల సబ్బు పొడి కలిపి సందుల వెంట పోసి పది పదిహేను నిమిషాలు నాననివ్వాలి. ఈ నాననివ్వడం దగ్గరే అందరికీ తొందర. ఆ తర్వాత గట్టి నైలాన్ కుచ్చు ఉన్న సన్న బ్రష్షుతో రుద్దాలి. ఇనుప పీచు, తీగల బ్రష్షు వద్దు. టైలు మీద గీతలు పడతాయి, సందులో ఇరుక్కున్న ఇనుప ముక్కలు తుప్పు పట్టి ఎర్ర మరకలవుతాయి. రుద్దగా వచ్చిన నల్లనీళ్లు ఆరకముందే గుడ్డతో ఎత్తేయాలి, లేకపోతే మళ్లీ అదే సందులోకి చేరతాయి. చివర మంచినీళ్లతో రెండుసార్లు తుడిస్తే సరి. సోడా చేతులను ఒరుస్తుంది కాబట్టి రబ్బరు తొడుగులు వేసుకోవాలి.

ఎంతసేపు పడుతుందని అడుగుతారేమో. పదడుగులు పన్నెండడుగుల గదిలో రెండడుగుల టైళ్లు 30 పడతాయి. గోడ అంచులు వదిలేస్తే సందుల పొడవు 98 అడుగులు. అడుగుకు నిమిషం వేసుకోండి, గంటన్నర దాటుతుంది. యాసిడ్ అయితే పది నిమిషాలు. ఈ తేడాను దాచిపెట్టి సోడా గొప్పలు చెప్పడం మోసం. కానీ గంటన్నర పని ఏడాదికోసారి. ఇంట్లో మగవాళ్లకూ మోకాళ్లున్నాయి, వాళ్లూ ఒక పక్క నుంచి మొదలుపెడితే ముప్పావుగంట!

కొన్ని మరకలకు సోడా లొంగదు. మన ఇళ్లలో మొదటిది పసుపు. గడపకు రాసిన పసుపు కారి సందులో దిగుతుంది. దాని మీద సోడా నీళ్లు పోయగానే ఎర్రబడుతుంది, చూసినవాళ్లు గుండెలు బాదుకుంటారు. దిష్టి తీయడానికి పసుపు నీళ్లలో సున్నం కలిపితే ఎర్రనీళ్లవుతాయి కదా, ఇదీ అదే. క్షారం తగిలితే పసుపు రంగు మారుతుంది, కడిగేస్తే ఎరుపు తగ్గుతుంది. మిగిలిన పసుపును ఎండ తినేస్తుంది. గడప దగ్గర ఎండ పడే చోటైతే ఏమీ చేయనక్కర్లేదు, నాలుగు రోజులు ఓపిక పడితే చాలు. ఎండ రాని పూజగదిలోనైతే వంటసోడాలో మందుల షాపులో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపి, ముద్దగా చేసి సందుకు పట్టించి అరగంట ఉంచి రుద్దాలి. ముందు ఒక మూల చిన్న చోట చేసి చూసుకోవడం మంచిది, సందులో నింపింది రంగు గ్రౌట్ అయితే పాలిపోవచ్చు. ఈ ముద్దలోనూ బ్లీచింగ్, వెనిగర్ లాంటివేవీ కలపకూడదు.

రెండోది మా మహానంది ప్రత్యేకం, అరటి జిగురు. తోట నుంచి తెచ్చిన గెలను హాల్లో మూలకు ఆనిస్తాం. కోసిన కాడ నుంచి నీళ్లలాంటి జిగురు కారుతుంది. కారేటప్పుడు రంగుండదు, అందుకే ఎవరూ చూడరు. గాలి తగిలి ఆరితే ముదురు గోధుమ, ఆ తర్వాత నలుపు. పంచెకంటిన అరటి మరక పంచె చిరిగేదాకా ఉంటుందని మన రైతులకు తెలిసిందే. పచ్చిగా ఉన్నప్పుడు సబ్బు నీళ్లతో కడిగితే పోతుంది. ఆరితే పెరాక్సైడ్ ముద్ద కాస్త పల్చబరుస్తుంది, పూర్తిగా తీసేయలేదు. గెల కింద గోనెపట్ట వేసుకోవడం ఒక్కటే నమ్మదగ్గ మందు.

స్నానాల గదిలో చుక్కలు చుక్కలుగా కనిపించే నలుపు మురికి కాదు, బూజు. అక్కడ బ్లీచింగ్ నీళ్లు పని చేస్తాయి, ఒంటరిగా వాడితే. కిటికీ తెరిచి, వేరే ఏ క్లీనరూ తగలని నేల మీద. ఆ తర్వాత గది ఆరేలా చూడకపోతే బూజు మళ్లీ వస్తుంది.

ఇక సందు ఇప్పటికే గుంటపడి, ఇసుక రాలుతుంటే ఎంత కడిగినా లాభం లేదు. తవ్వి మళ్లీ నింపాలి. ఇక్కడ మన మేస్త్రీలతో నాకు పేచీ ఉంది. చాలామంది వైట్ సిమెంటును నీళ్లలో కలిపి, పైపైన గుడ్డతో పూసి పోతారు. పాత మురికి మీద వేసిన ఆ పల్చటి పొర కొన్ని నెలల్లో పెచ్చులూడుతుంది. వదులైన పాత సిమెంటును హాక్సా బ్లేడు ముక్కతోనో గ్రౌట్ గీకే పనిముట్టుతోనో కనీసం రెండు మూడు మిల్లీమీటర్ల లోతు గీకి, దుమ్ము ఊది, సందును తడి చేసి, ప్యాకెట్ గ్రౌట్‌ను దాని మీద రాసినంత నీళ్లతోనే కలపాలి. నీళ్లు ఎక్కువైతే ఆరాక పొడి పొడిగా రాలుతుంది. రబ్బరు పలకతో సందుకు ఏటవాలుగా లాగుతూ లోపలికి నొక్కాలి. కాస్త గట్టిపడ్డాక తడి స్పాంజితో టైలు తుడవాలి. ఒక రోజంతా తొక్కకూడదు.

అన్నిటికన్నా ముఖ్యం మన ఎండ. మే నెలలో నంద్యాలలో 44 డిగ్రీలుంటే గ్రౌట్‌లో నీళ్లు సిమెంటుకు పట్టకముందే ఆవిరైపోతాయి, గట్టిపడాల్సింది సుద్దలా మిగులుతుంది. తెల్లవారుజామున పని మొదలుపెట్టి, ఎండ ఎక్కేలోపు ఆపి, నింపిన చోట తడి గోనెపట్టలు కప్పి, వాటిని రెండు రోజులు ఆరనివ్వకుండా చూడాలి. ఫ్యాను ఆపేయాలి. మిద్దెకు స్లాబు వేసి నీళ్లు కట్టే మేస్త్రే సందు సిమెంటుకు మాత్రం నీళ్లెందుకంటాడు! రంగు విషయంలో నా సలహా, తెలుపు మానేయండి. బూడిద రంగో బండ రంగో వేసుకుంటే సగం బాధ అప్పుడే తీరిపోతుంది. ఎపాక్సీ గ్రౌట్ మురికిని పీల్చుకోదు, యాసిడ్‌కూ అంత తేలిగ్గా లొంగదు. కాకపోతే ఖరీదెక్కువ, ఎండలో త్వరగా బిగుసుకుంటుంది, చేయి తిరిగిన మేస్త్రి కావాలి. స్నానాల గదికి పెట్టుకుంటే చాలు.

ఇదంతా చాకలి సోడా, బ్రష్షు, గోనెపట్ట ఖర్చుతో అయ్యే పని. కొట్టువాడికి మీరిచ్చే జవాబు ఇదే.

మీ నుంచి నేను కోరేది కొత్త చట్టం కాదు. ఉన్న ఉత్తర్వు అమలవుతోందో లేదో మహానంది మండలంలోని కొట్లలో, మోపెడ్ల మీద తిరిగే వాళ్ల దగ్గర ఒకసారి తనిఖీ చేయించండి. రిజిస్టరు ఉందా, నిల్వ మీ కార్యాలయానికి తెలిపారా చూడండి. మోపెడ్ మనిషి పొట్ట కొట్టమని నేనడగడం లేదు. ఫినాయిల్, సోడా, బ్రష్షులు అమ్ముకోనివ్వండి, యాసిడ్ క్యాను దింపించండి. శివరాత్రి ఏర్పాట్ల మీద సత్రాల, లాడ్జీల యజమానులను పిలిచి మీటింగు పెడతారు కదా, అందులో పార్కింగు, తాగునీళ్లతో పాటు నేల కడిగే ఆడవాళ్ల తొడుగుల మాట, యాసిడ్-బ్లీచింగ్ కలపకూడదన్న మాట ఒక్క నిమిషం చెప్పించండి.

ప్రతి కొట్టు ముందూ ఒక బోర్డు పెట్టించమని కూడా మనవి. ఇంగ్లీషు అక్కర్లేదు. నేను రాసిస్తున్నాను, తప్పులుంటే మీ కార్యాలయంలో దిద్దించండి: "ఇక్కడ యాసిడ్ కొనాలంటే ఫోటో కార్డు చూపి, పేరు, చిరునామా, కారణం రాయించాలి. 18 ఏళ్ల లోపు వారికి ఇవ్వం. సీసా మీద పేరు లేని యాసిడ్ అమ్మం. యాసిడ్‌లో బ్లీచింగ్ కలిపితే ప్రాణానికి ముప్పు. టైళ్ల సందులకు, నాపరాళ్లకు యాసిడ్ వాడొద్దు, చాకలి సోడా అడగండి."

మా వీధిలో కొట్లకు కావలసిన బోర్డుల రంగు ఖర్చు మేం ఆడవాళ్లం చందాలేసుకుని పెట్టుకుంటాం. మీ సంతకం, ముద్ర మాత్రం కావాలి.

ఇట్లు,
మహానంది వాస్తవ్యురాలు